దుర్లోక సాహిత్యము: అర్థము, ప్రయోజనము

గత విద్యాసంవత్సరములో మా తరగతిలో జరిగిన ఒక చిన్న సంభాషణతో ఈ వ్యాసమును ఆరంభించుచున్నాము. సాహిత్య ప్రక్రియలను గూర్చి పాఠము చెప్పుచుండగా ద్వితీయ సంవత్సరపు విద్యార్థి ఒకడు లేచి, “సార్, ‘కల్కి’ సినిమాను డిస్టోపియన్ అంటున్నారు. అంటే ఏమిటి సార్? పాడుపడిన ఊరిని చూపిస్తే చాలా?” అని అడిగినాడు. మేము జవాబు చెప్పక మునుపే వెనుక బెంచీ నుండి మరియొకడు, “మా హాస్టల్ మెస్సు కూడా డిస్టోపియనే సార్!” అన్నాడు. తరగతి అంతయు నవ్వినది. మేమును నవ్వినాము.

అదే వారములో కళాశాల కమిటీ పెద్దలొకరు గ్రంథాలయపు కొనుగోలు పట్టికను చూచి, “లెక్చరర్ సాబ్, పిల్లలకు ధైర్యం చెప్పే పుస్తకాలు ఎన్నో ఉండగా ఈ చీకటి పుస్తకాలు ఎందుకండీ?” అని మర్యాదగా ప్రశ్నించినారు. పఠన మందిరములో చోటు చాలుట లేదను చర్చ సాగుచున్న రోజులవి.

రెండు ప్రశ్నలును న్యాయమైనవే. విద్యార్థి అడిగినది అర్థమును గూర్చి. పెద్దలు అడిగినది ప్రయోజనమును గూర్చి. రెంటికిని మాకు తోచిన సమాధానమును ఈ పుటలలో విన్నవించుకొనుచున్నాము.

మొదట పదమును చూతము. 1516వ సంవత్సరములో ఆంగ్లేయుడైన థామస్ మోర్ లాటిన్ భాషలో ఒక గ్రంథము వ్రాసి, అందులో వర్ణించిన ద్వీపమునకు ‘యుటోపియా’ అని పేరు పెట్టినాడు. గ్రీకు భాషలో ‘టోపోస్’ అనగా స్థలము. దానికి ముందు ‘ఊ’ చేర్చినచో ‘ఎక్కడను లేని చోటు’ అగును. ‘యూ’ చేర్చినచో ‘మంచి చోటు’ అగును. మోర్ ఈ రెండర్థములతోను చమత్కరించినాడు. మూడున్నర శతాబ్దముల తరువాత, 1868లో, బ్రిటిషు పార్లమెంటులో ఐర్లండు భూముల సమస్యపై చర్చ జరిగినప్పుడు జాన్ స్టూవర్ట్ మిల్ అను తత్త్వవేత్త ఆ పేరును తిరగవేసినాడు. ఆచరణకు అందనంత మంచిని కోరువారు యుటోపియనులైనచో, ఆచరణకు అందనంత చెడును సమర్థించువారిని ‘డిస్టోపియనులు’ అనవలెనని ఆయన ప్రభుత్వ పక్షము వారిని ఎత్తిపొడిచినాడు. అనగా ఈ మాట సభలో విమర్శకు పనిముట్టుగా ప్రచారమునకు వచ్చినది; సాహిత్య శాస్త్రములోనికి తరువాత ప్రవేశించినది.

ఇందు మన కళాశాలకు ప్రత్యేకముగా ప్రీతి కలిగించు విషయ మొకటి కలదు. గ్రీకులోని ‘డిస్’ అను ఉపసర్గయు, సంస్కృతములోని ‘దుస్’, ‘దుర్’ అను ఉపసర్గయు ఒకే మూలము నుండి వచ్చినవి. దుర్జనుడు, దుర్దినము, దుష్కార్యము అను మాటలలో ఉన్నది అదే. ప్రాచీన ఇరాను భాషలలోను అదే ఉపసర్గ ఉండెడిది. మనము ఉర్దూలో నిత్యము వాడు ‘దుష్మన్’ అను మాటకు మూలార్థము ‘చెడు మనస్సు గలవాడు’. ‘దుష్నామ్’ అనగా తిట్టు. చెడ్డ పేరు పెట్టి పిలుచుట. కావున ఈ పాశ్చాత్య పదము మన రెండు భాషలకును దూరపు చుట్టము. తెలుగు పత్రికలు సాధారణముగా ‘డిస్టోపియా’ అనియే వ్రాయుచున్నవి. మేము ఈ వ్యాసములో ‘దుర్లోకము’ అని వాడుచున్నాము.

దుర్లోకమనగా కేవలము దుఃఖమయమైన లోకము కాదు. కరవు వచ్చి ఊరు ఎండిపోయిన అది విపత్తు. యుద్ధములో నగరము కాలిపోయిన అది విధ్వంసము. ఈ కథలు వేరు, దుర్లోక కథలు వేరు. పోతులూరి వీరబ్రహ్మము గారి కాలజ్ఞానమును ఎరిగినవారు ఇదియు అటువంటిదే కదా అని తలచవచ్చును. ఆయన ప్రియశిష్యుడైన సిద్ధయ్య దూదేకుల కుటుంబములో జన్మించినవాడగుటచే ఆ సంప్రదాయముపై మాకును మమకారము కలదు. అయినను భేదము చెప్పక తప్పదు. కాలజ్ఞానము ‘ఇది జరుగును’ అని పలుకును. దుర్లోక రచయిత ‘మీరు ఇట్లే సాగినచో ఇది జరుగును’ అని పలుకును. ఆ ‘ఇట్లే సాగినచో’ అను షరతులోనే ఈ సాహిత్యపు ప్రాణమంతయు ఉన్నది.

రెండవ లక్షణము ఇంకను ముఖ్యమైనది. దుర్లోకము తనను తాను దుర్లోకమని ఎన్నడును చెప్పుకొనదు. అది ఒక పకడ్బందీ వ్యవస్థ. ప్రజల మేలు కొరకే వెలసినట్లు ప్రకటించుకొనును. ఆ ప్రజలలో అనేకులు దానిని నమ్ముదురు. మోర్ గారి ఆదర్శ ద్వీపములోనే దీని విత్తనము కనబడును. అక్కడ సొంత ఆస్తి లేదు, ఆకలి లేదు. కాని పౌరుడు తన ప్రాంతము దాటి పోవలెనన్న అనుమతి పత్రము ఉండవలెను. పత్రము లేకుండ రెండవసారి పట్టుబడినచో బానిసత్వమే శిక్ష. స్వర్గమునకును దుర్లోకమునకును నడుమ గోడ ఎంత పలుచనిదో ఈ ఒక్క నిబంధనయే చెప్పుచున్నది.

ఈ కొలతతో మా విద్యార్థి అడిగిన చిత్రమును చూడవచ్చును. 2024లో విడుదలైన ఆ తెలుగు చిత్రములో కాశీ నగరము ఎండిపోయి ఉండుట ఒక్కటియే దానిని దుర్లోక కథగా చేయదు. నీటిని, పచ్చదనమును పైనున్న ‘కాంప్లెక్సు’ తనలో బంధించుకొనగా, క్రింది జనము దానిని ఎదిరించుటకు మారుగా అందులో ప్రవేశము సంపాదించుటకే జీవితమును ధారపోయుట ఉన్నదే, అది దుర్లోక లక్షణము. ఇక హాస్టల్ మెస్సు సంగతి: పప్పు నీళ్ళగా ఉన్నచో అది దుర్లోకము కాదు. పప్పు చిక్కగా ఉన్నదని అందరును సంతకము చేయవలసివచ్చి, కొన్నాళ్ళకు నిజముగనే చిక్కగా ఉన్నదని నమ్మినచో, అప్పుడు ఆలోచింపవలెను.

ఈ ఆలోచన పాశ్చాత్యులకే పరిమితమని తలచరాదు. క్రీ.శ. 950లో మరణించిన తత్త్వవేత్త అల్-ఫారాబీ ‘అల్-మదీనతుల్ ఫాజిలా’ అనగా సద్గుణ నగరమును వర్ణించుటతో ఆగలేదు. దానికి విరుద్ధమైన నగరములను కూడ వర్గీకరించినాడు. అజ్ఞాన నగరములలో ధనమే పరమార్థమైనది ఒకటి, భోగమే పరమార్థమైనది ఒకటి, కీర్తియే పరమార్థమైనది ఒకటి, ఇతరులపై ఆధిపత్యమే పరమార్థమైనది ఒకటి. ఇవి గాక ‘ఫాసిఖా’ నగరము వేరు. అచ్చటివారు మంచి ఏదియో ఎరుగుదురు, కాని చేతలలో అజ్ఞానుల వలెనే ప్రవర్తింతురు. ఇరువదవ శతాబ్దపు దుర్లోక నవలలను చదువునపుడు ఈ పాత పట్టిక మాకు పదే పదే జ్ఞప్తికి వచ్చుచుండును.

ఆ నవలలలో మొదట పేర్కొనవలసినది రష్యన్ రచయిత యెవ్గెనీ జమ్యాతిన్ కృతి. ఆయన నౌకా నిర్మాణ ఇంజనీరు. 1920-21 ప్రాంతములో వ్రాసిన ఈ నవల స్వదేశములో అచ్చుకు నోచుకొనలేదు. 1924లో ఆంగ్లానువాదముగా న్యూయార్కులో వెలువడినది. సోవియట్ దేశములో అచ్చగుటకు 1988 వరకు వేచియుండవలసివచ్చినది. రచయిత 1931లో దేశము విడిచి, 1937లో పారిస్‌లో కన్నుమూసినాడు. ఆ నవలలో మనుష్యులకు పేర్లు లేవు, సంఖ్యలే ఉన్నవి. ఇండ్ల గోడలన్నియు గాజువి. నిద్రకు, భోజనమునకు, నడకకు ఒకే సమయ పట్టిక. కథ చెప్పువాడు డీ-503 అను ఇంజనీరు. అన్య గ్రహవాసులకు కూడ ఈ ‘సుఖమును’ అందింపబోవు అంతరిక్ష నౌకను నిర్మించుచు, తన రాజ్యమును పొగడుచు దినచర్య వ్రాయుచుండును. చివరకు శస్త్రచికిత్సతో అతని ఊహాశక్తిని తొలగింతురు. తాను ప్రేమించిన స్త్రీని చిత్రహింస పెట్టుచుండగా అతడు ప్రశాంతముగా కూర్చుండి చూచును.

ఆ నవల పేరు రష్యన్‌లో ఒకే చిన్న సర్వనామము. దానిని తెలుగులోనికి తేవలెనన్న అనువాదకుడు మొదటి మాట వద్దనే ఆగిపోవును. ఏలయన మనకు రెండు మాటలున్నవి: ‘మేము’, ‘మనము’. మేమన్నచో వినువాడు బయట నిలుచును. మనమన్నచో లోపలికి వచ్చును. ఉర్దూలో ‘హమ్’ ఒక్కటే రెంటికిని చాలును; లక్నో వారి మర్యాదలో అదియే ‘నేను’ కూడ అగును. మా అభిప్రాయములో ఆ నవలకు ‘మేము’ అనియే పేరు పెట్టవలెను. డీ-503 తనకు తెలియని పరాయి పాఠకులకు వ్రాయుచున్నాడు కదా! కాని పుస్తకము మూసిన పాఠకుడు అతడు చెప్పినది ‘మనము’ అని గ్రహించినచో, నవల తన పని చేసినట్లే. ఈ సూక్ష్మము రెండు మాటలున్న భాష తెలిసినవానికే సులభముగా తట్టును. ఒక భాషను పోగొట్టుకొనువాడు ఒక పదకోశమునే గాక, లోకమును చూచు ఒక కిటికీని కూడ పోగొట్టుకొనును.

ఇదే సత్యమును జార్జ్ ఆర్వెల్ తన నవలకు కేంద్రముగా చేసినాడు. ఆయన 1903లో బీహారులోని మోతీహారిలో జన్మించినాడు. తండ్రి బ్రిటిషు ప్రభుత్వపు నల్లమందు శాఖలో ఉద్యోగి. బర్మాలో పోలీసు అధికారిగా సామ్రాజ్యపు లోగుట్టును కన్నులార చూచినాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలమున, 1941 నుండి 1943 వరకు, బి.బి.సి.లో భారతదేశమునకు ఉద్దేశించిన ప్రసారములపై పనిచేసి, ప్రభుత్వమునకు మాట ఎట్లు పనిముట్టగునో గ్రహించినాడు. 1949లో ‘నైన్‌టీన్ ఎయిటీ-ఫోర్’ వెలువడినది. మరుసటి జనవరిలోనే ఆయన మరణించినాడు. ఆ నవలలోని ‘బిగ్ బ్రదర్’ను, గోడమీది నిఘా తెరను అందరును ఎరుగుదురు. మమ్ము ఎక్కువగా భయపెట్టినవి అవి కావు. ఆ రాజ్యములో నిఘంటువు ఏటేట పలుచనగుచుండును. ప్రతి కూర్పులోను కొన్ని మాటలను తీసివేయుదురు. ఆ పని చేయు ఉద్యోగి అందుకు గర్వపడును.

దీనిని మన భాషలకు అన్వయించి చూడుడు. అన్యాయము, క్రూరము, దౌర్జన్యము, జులుం, నాఇన్సాఫీ, ఈ మాటలన్నిటిని తీసివేసి, వాటికి మారుగా ‘మంచికానిది’ అను ఒక్క మాటను ఉంచినారనుకొందము. దోపిడికి గురియైన రైతు అర్జీలో ఏమని వ్రాయును? ఫారసీ నుండి మనకు వచ్చిన ‘ఫిర్యాదు’ అను మాటయే లేని రాజ్యములో ఫిర్యాదు చేయువాడెవ్వడు? మాట పోయిన తరువాత తలంపు నిలువ నీడ లేక తిరుగును. మా విద్యార్థుల జవాబు పత్రములలో మంచి పద్యమును, మంచి మనిషిని, మంచి భోజనమును ‘సూపర్’ అను ఒక్క మాటతో సరిపుచ్చుట చూచినపుడు, ఫోనులో బొటనవ్రేలి బొమ్మతో సంతాపమునకును సమ్మతికిని ఒకే జవాబు పంపుట చూచినపుడు మాకు దిగులు కలుగును. ఆర్వెల్ రాజ్యములో ఈ పనికి ఉద్యోగులు కావలసివచ్చినారు. మనము జీతము లేకుండనే చేయుచున్నాము.

ఆర్వెల్ చూపినది ఫారాబీ చెప్పిన ఆధిపత్య నగరమైనచో, ఆల్డస్ హక్స్‌లీ 1932లో ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో చూపినది భోగ నగరము. అక్కడ లాఠీ అరుదు. శిశువులను సీసాలలో పెంచి, ఎవరు ఏ పనికో పుట్టక ముందే నిర్ణయింతురు. దిగులు కలిగినచో ‘సోమ’ అను మాత్ర సిద్ధముగా ఉండును. ఆ పేరు వేదములలోని సోమము నుండి వచ్చినది. తమ స్థితిని మార్చవలెనను కోరికయే వారికి పుట్టదు. ఈ నగరమునకు మార్గము ఇంకను సుగమము, ఏలయన అక్కడకు పోవువాడు నవ్వుచునే పోవును.

రే బ్రాడ్‌బరీ 1953లో వ్రాసిన ‘ఫారెన్‌హీట్ 451’ ఈ రెంటిని కలుపును. అందులో అగ్నిమాపక దళము మంటలార్పదు, పుస్తకములను కాల్చును. ఇది ప్రభుత్వపు ఆజ్ఞతో ఆరంభము కాలేదని ఆ దళ నాయకుడే వివరించును. మొదట జనమే పుస్తకములను కుదించిరి, సంగ్రహములతో తృప్తి చెందిరి, నొప్పించు ప్రతి మాటను తొలగింపుమనిరి. పిమ్మట నిప్పు వచ్చినది. ఆ నవల ముగింపులో అడవిలో తలదాచుకొన్న కొందరు ఒక్కొక్కరు ఒక్కొక్క గ్రంథమును కంఠస్థము చేసి కాపాడుచుందురు. అమెరికా పాఠకులకు ఇది విచిత్ర కల్పన. మనకు ఇది వీధిలో కనబడు వాస్తవము. రంజాను రాత్రులలో తరావీహ్ నమాజులో ఖురాన్‌ను పుస్తకము చూడకుండ చదువు హాఫిజులను మన పిల్లలు ఎరుగుదురు. వేదమును నోటనే నిలిపిన ఘనపాఠీలను మన పొరుగువారు ఎరుగుదురు. గ్రంథమును హృదయములో దాచుకొను విద్య ఈ నేలకు కొత్త కాదు.

మన విద్యార్థినులకు ఒక మాట. 1905లో బేగం రుఖియా సఖావత్ హుస్సేన్ అను బెంగాలీ ముస్లిం మహిళ ‘సుల్తానాస్ డ్రీమ్’ అను కథను ఆంగ్లములో వ్రాయగా, అది మద్రాసు నుండి వెలువడు ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’లో అచ్చైనది. అందులోని స్వప్నదేశమున స్త్రీలు విజ్ఞానశాస్త్ర బలముతో రాజ్యమేలుదురు; పురుషులు ‘మర్దానా’లో మరుగున ఉందురు. అది స్వప్నలోక కథయే. కాని దానిని చదివి నవ్విన పురుషుడు మరుక్షణము ‘ఇది దుర్భరము కదా’ అనుకొన్నచో, జనానాలోని జీవితమును మొదటిసారిగా లోపలినుండి చూచినట్లు. 1985లో కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’లో స్త్రీలకు చదువు నిషేధమైన రాజ్యమును చిత్రించినారు. మానవ చరిత్రలో ఎక్కడనో జరుగని దేనిని తాను అందులో చేర్చలేదని ఆమె చెప్పియున్నారు. ఒకరు కలను చూపినారు, ఒకరు పీడకలను చూపినారు. ఇరువురు అడిగిన ప్రశ్న ఒక్కటే.

ఇక కమిటీ పెద్దల ప్రశ్నకు వత్తుము. ఈ పుస్తకములు నిరాశను నేర్పవా? నేర్పవని మా దృఢ విశ్వాసము. మహాభారతములో విదురుడు ధృతరాష్ట్రునకు రాబోవు వినాశమును పదే పదే చెప్పినాడు. ఆయనను నిరాశావాది అని ఎవరైన అన్నారా? కురువంశముపై ప్రేమ లేనివాడు ఆ మాటలు చెప్పియుండడు. నిరాశ గలవాడు హెచ్చరింపడు, మౌనముగా ఉండును. హెచ్చరించువాడు వినువానిపై ఆశ పెట్టుకొన్నవాడు. చీకటిలో “అక్కడ గొయ్యి ఉన్నది నాయనా” అని చెప్పిన పెద్దను ‘నా నడకను చెడగొట్టినాడు’ అని నిందింతుమా?

అయితే ఈ మాటను వాడుటలో ఒక జాగ్రత్త అవసరము. తమకు గిట్టని ప్రతి ప్రభుత్వమును దుర్లోకమని, తమకు ప్రియమైన ప్రభుత్వమును స్వర్గమని చెప్పుటకు ఈ గ్రంథములను వాడువారు అన్ని పక్షములలోను కలరు. ఆర్వెల్ నవల వెలువడినంతనే కొందరు దానిని సోషలిజముపై దాడిగా ప్రచారము చేయగా, తన ఉద్దేశము అది కాదని ఆయన ప్రకటింపవలసివచ్చినది. 2013లో అమెరికా ప్రభుత్వపు రహస్య నిఘాను ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టినపుడు అదే నవల మరల విరివిగా అమ్ముడుపోయినది. ఎదుటివాని ఇంటిని చూచుటకు మాత్రమే ఈ అద్దమును ఎత్తిపట్టువాడు సగమే చదివినట్లు. మొదట మన గుమ్మమును చూచుకొనవలెను.

కనుక మన గుమ్మము సంగతియే చెప్పి ముగింతుము. పోటీ పరీక్షల గైడ్లకు చోటు చాలనందున పఠన మందిరములోని ఉర్దూ అల్మరాను, తెలుగు అల్మరాను మెట్ల క్రింది గదికి మార్చవలెనను ప్రతిపాదన ఉన్నదని విన్నాము. ఇందులో ఎవరికిని దురుద్దేశము లేదు. గైడ్లు కావలసినవే, మన పిల్లలకు ఉద్యోగములు రావలెను, వారి తల్లిదండ్రులు ఎంత కష్టపడి పంపుచున్నారో మేము ఎరుగుదుము. ఎవరును పుస్తకములను కాల్చుట లేదు, నిషేధించుట లేదు. కాని మేము చదివిన ప్రతి దుర్లోక కథయు మాకు నేర్పినది ఇదియే: దుర్లోకము ఆరంభమైన దినమున అది ఒక చిన్న సౌకర్యము వలె కనబడును. దీపము లేని గదిలోనికి పోయిన అల్మరా వద్దకు పిల్లవాడు పోడు. రెండేండ్ల తరువాత ‘ఎవరును చదువుట లేదు’ అను నివేదిక వచ్చును. ఆ నివేదిక నిజమే అగును; దానిని నిజము చేసినవారము మనమే అగుదుము.

గైడ్లకు వేరొక అల్మరా కొనుడని, రెండు భాషల గ్రంథములను కిటికీ వెలుగులోనే ఉంచుడని కమిటీ పెద్దలను వినయముగా కోరుచున్నాము. విద్యార్థులారా, మీ బాధ్యత ఇంకను పెద్దది. అల్మరా వెలుగులో ఉన్నను తెరచు చేయి లేకున్న ఫలము లేదు. ఈ సెలవులలో ఈ వ్యాసములో పేర్కొన్న పుస్తకములలో ఒక్కటైనను చదువుడు. తెలుగులోనో ఉర్దూలోనో మీ మాటలలో ఒక పుట వ్రాసి తెండు, గోడపత్రికలో పెట్టుదము. ‘సూపర్’ అను మాట లేకుండ వ్రాయవలెను, అదొక్కటే నియమము.

వ్యాసకర్తల ఆచారము ననుసరించి ఇంతవరకు ‘మేము’ అని వ్రాయుచు వచ్చినాము. ఈ విషయములో మాత్రము ఆ మాట చాలదు. కాపాడుకొనవలసినవారము మనము.